వడ్డీ యొకరికి, వ్యథ యొకరికి

అప్పు చేసినవాడు అప్పు తీర్పవలెనను మాట లోకమున ధర్మసూత్రమువలె చెల్లుచున్నది. మేమును దానిని కాదనువారము కాము. తండ్రి చేసిన ఋణమును పొలమమ్మి తీర్చిన కొడుకులను మేమెరుగుదుము. అట్టివారిని చూచి మనసులోనే నమస్కరించితిమి. కాని యీ సూత్రమునకు రెండవ పాదమొకటి కలదు. దానిని చదువువారరుదు. లాభమున కాసపడి యపాయమెరిగియు అప్పిచ్చినవాడు, ఆ యపాయము వచ్చిననాడు తన భాగమును తాను భరింపవలెననునది యా రెండవ పాదము. మొదటి పాదమును మాత్రమే కంఠస్థము చేసికొని, రెండవదానిని మరచిన మహాసంస్థలు నేడు రాజ్యముల సంసారములను చక్కదిద్దుటకు పూనుకొనుచున్నవి. వాని నడతను గూర్చి కొంచెము కఠినముగనే మాటలాడవలెనని మా సంకల్పము.

ఇందులకు ప్రేరణ మా తరగతిలోనే కలిగినది. 1997వ సంవత్సరమున తూర్పు ఆసియాలో పుట్టిన ద్రవ్యసంక్షోభమును గూర్చి పై తరగతివారికి పాఠము చెప్పుచుండగా నొక బాలిక లేచి, "మాస్టారూ, అప్పులు చేసింది కంపెనీలు గదండీ, మరి కూలివాళ్ల పనులెందుకు పోయాయి?" అని యడిగినది. పాఠ్యపుస్తకమున నున్న సమాధానమును మేము చెప్పితిమి. బాలిక కూర్చున్నది. ఆమెకు తృప్తి కలిగినదో లేదో మేమెరుగము; మాకు మాత్రము కలుగలేదు. ఈ వ్యాసము ఆమెకు మేము పడిన బాకీ.

కథను మొదటినుండి చెప్పవలెను. 1993వ సంవత్సరమున ప్రపంచబ్యాంకువారొక గ్రంథమును ప్రకటించిరి. తూర్పు ఆసియా దేశముల యభివృద్ధిని అద్భుతమని పేరులోనే కొనియాడిన గ్రంథమది. ఆ సంవత్సరముననే థాయిలాండు ప్రభుత్వము బ్యాంకాకు నగరము మీదుగా విదేశధనమును ఋణముగా తెచ్చుకొనుటకు బ్యాంకులకు తలుపులు తెరచెను. ఆ దేశపు నాణెమైన బాత్ విలువ డాలరునకు సుమారు 25 చొప్పున నిలుపబడియుండెను. విదేశములలో తక్కువ వడ్డీకి డాలరులు దొరకును. స్వదేశమున వానినే యెక్కువ వడ్డీకి తిప్పవచ్చును. మారకపు విలువ మారదని నమ్మకము. ఇంకేమి కావలెను? జపాను, ఐరోపా, అమెరికా బ్యాంకులు పోటీపడి యిచ్చినవి. బ్యాంకాకులోని ఫైనాన్సు కంపెనీలు పోటీపడి పుచ్చుకొన్నవి. ఆ సొమ్ములో చాల భాగము మేడలుగను, అమ్ముడుపోని యిండ్లుగను నిలిచిపోయెను. మన కోనసీమ రైతునకు తెలిసిన మాటలో చెప్పవలెనన్న, మూడునెలల గడువుతో ప్రోనోటు వ్రాసి తెచ్చిన సొమ్ముతో కొబ్బరితోట వేసినట్లయినది. తోట కాపునకు వచ్చుటకేండ్లు పట్టును; నోటు గడువు మూడునెలలకే తీరును. పైగా అప్పు డాలరులలో, రాబడి బాత్‌లలో!

గడువు తీరినప్పుడెల్ల నోటు తిరుగవ్రాయించుకొనుచు కొన్నియేండ్లు గడిపిరి. అప్పిచ్చినవారికి అనుమానము కలుగునంతవరకే యీ యుపాయము సాగును. థాయిలాండు, ఇండొనీషియా, మలేషియా, ఫిలిప్పైన్సు, దక్షిణ కొరియా అను నైదు దేశములకు 1996లో వచ్చి చేరిన ప్రైవేటు విదేశధనము, పోయినది తీసివేయగా, సుమారు 9,300 కోట్ల డాలరులు. మరుసటి యేటనే ప్రవాహము వెనుకకు తిరిగెను. వచ్చినదానికంటె పోయినదే సుమారు 1,200 కోట్ల డాలరులు అధికమయ్యెను. థాయి కేంద్రబ్యాంకు తన నాణెమును నిలుపుటకై డాలరు నిల్వలనెల్ల నొడ్డి, చేతులు ఖాళీయైన పిమ్మట, 1997 జూలై 2వ తేదీన బాత్‌ను విడిచివేసెను. మరుసటి జనవరికి డాలరునకు 50 బాత్‌లు దాటినవి. కోటి డాలరులు బాకీయున్న వర్తకుడు 25 కోట్ల బాత్‌ల ఋణముతో నిద్రించి, కొన్ని నెలలలో 50 కోట్లకు పైబడిన ఋణముతో మేల్కాంచెనన్నమాట. అతడు క్రొత్తగా నొక్క డాలరైనను తెచ్చుకొనలేదు. అంటుజాడ్యమువలె నీ భయము ఇండొనీషియాకును, కొరియాకును ప్రాకెను.

ఇచట చదువరులొక విషయమును గుర్తింపవలెను. ఈ ఋణములలో నధికభాగము ప్రభుత్వములు చేసినవి కావు. ఆయా ప్రభుత్వముల ఆదాయవ్యయములు సరిగనే యుండెను. కొన్నిట మిగులును కలదు. అప్పు చేసినవి కంపెనీలు, బ్యాంకులు. అప్పిచ్చినవియు కంపెనీలు, బ్యాంకులే. ఇరువురును పెద్దలు, చదువుకొన్నవారు, లెక్కలెరిగినవారు. ఒకరినొకరు మోసగించుకొన్నారనుటకంటె నిరువురును కలిసి యొక యాసను నమ్మిరనుట న్యాయము. అట్లయినప్పుడు నష్టమునిరువురును పంచుకొనవలదా?

కౌటిల్యుని యర్థశాస్త్రమున వడ్డీని గూర్చి యొక విధి కలదు. నూరు పణములకు నెలకు పణమున్నర కంటె తక్కువగా, పణమునుబావు మాత్రమే ధర్మ్యమైన వడ్డీ. వర్తకులకైనచో నైదు పణములు. అడవిదారిని పోవువారికి పది. సముద్రముపై పోవువారికి ఇరువది. ఒకే నూరు పణములకు ఇన్ని వడ్డీలేల? అడవిలో దొంగలు కలరు; సముద్రమున తుపానులు కలవు. సొమ్ము తిరిగిరాకపోవచ్చునను భయమునకు కట్టిన వెలయే యీ హెచ్చు వడ్డీ. ఇరువది పణముల వడ్డీ ముందుగా ననుభవించి, ఓడ మునిగిననాడు రాజునొద్దకు పోయి, "రేవులోని పడవవాండ్రపై పన్ను వేసి నా యసలును నాకిప్పింపుము" అని యడిగిన షావుకారును కౌటిల్యుడేమి చేసియుండెడివాడో యూహించుకొనవచ్చును. అపాయమునకు వెల పుచ్చుకొనినవాడు అపాయమును పుచ్చుకొనవలెను. ఇది మాటల చమత్కారము కాదు; వడ్డీ యనుదాని న్యాయమంతయు నీ యొక్క వాక్యముననే యున్నది.

ఇక 1997లో జరిగినదేమి? సంక్షోభమున చిక్కిన దేశములకు అంతర్జాతీయ ద్రవ్యనిధి వచ్చెను. 1944లో బ్రెట్టన్‌వుడ్సులో జరిగిన మహాసభయందు పుట్టిన సంస్థ యిది. చేతిలో విదేశద్రవ్యము లేక బాధపడు దేశమునకు తాత్కాలికముగా సాయపడుట దాని యుద్దేశము. ఉద్దేశము శ్లాఘ్యము. థాయిలాండునకు ద్రవ్యనిధియు, ఇతర దేశములును కలిసి సుమారు 1,720 కోట్ల డాలరులకు, కొరియాకు 5,700 కోట్లకు పైగా మాట యిచ్చిరి. ఈ సొమ్ము ఎవరి చేతికి పోయెను? కొరియా సంగతినే చూతము. 1997 డిసెంబరు మొదట ద్రవ్యనిధితో ఒడంబడిక జరిగెను. వచ్చిన డాలరులు వచ్చినట్లే గడువు తీరిన విదేశ బ్యాంకుల బాకీలకు తరలిపోయినవి. నిల్వలు మరల నడుగంటినవి. క్రిస్మసునాటికి గాని, అప్పిచ్చిన బ్యాంకులను కూర్చుండబెట్టి, "మీరును కొంచెమాగుడు" అని యగ్రరాజ్యములు చెప్పలేదు. వారాగిరి. ఆగుటకేమి పుచ్చుకొనిరి? 1998 జనవరి చివర కుదిరిన యేర్పాటు ప్రకారము కొరియా బ్యాంకుల స్వల్పకాలిక ఋణములు ఒకటి మొదలు మూడేండ్ల గడువు గల ఋణములుగా మారినవి; వానికెల్ల కొరియా ప్రభుత్వము పూచీ పడెను; వడ్డీ లండను బ్యాంకుల రేటుపై రెండుంబావు మొదలు రెండుముప్పావు శాతము వరకు హెచ్చించబడెను.

ఈ వాక్యమును మరల చదువుడని చదువరులను వేడుచున్నాము. ప్రైవేటు ఋణము ప్రజల ఋణమాయెను. అనగా అపాయము తగ్గెను. అపాయము తగ్గిన పిమ్మట వడ్డీ తగ్గవలసియుండగా హెచ్చెను! కౌటిల్యుని సముద్రవర్తకుడు ఓడను గట్టునకు కట్టి, రాజముద్రతో పూచీపత్రమును చేతబట్టుకొని, సముద్రపు వడ్డీకంటెను మించిన వడ్డీని పుచ్చుకొనెనన్నమాట. దీనికి పాశ్చాత్యులు రక్షణమని పేరు పెట్టిరి. రక్షింపబడినవారెవరు?

బాలిక ప్రశ్న యిచటనే యున్నది. అప్పు తీర్చుటకు వలయు సొమ్ము ఆకాశమునుండి రాలదు. థాయిలాండులో ద్రవ్యనిధితోడి యేర్పాటునందు భాగముగా, 1997 ఆగస్టున, వస్తువుల కొనుగోలుపై పన్ను 7 శాతమునుండి 10 శాతమునకు పెరిగెను. బ్యాంకాకు మేడలపై జూదమాడినవానికిని, అంగడిలో నూనె కొను నిల్లాలికిని ఆ పన్నొకటే. ప్రభుత్వములు వ్యయమును తగ్గింపవలెననిరి, వడ్డీరేట్లను పెంచవలెననిరి. కొరియాలో బ్యాంకులు ఒకరికొకరు ఇచ్చుకొను పూట అప్పులపై వడ్డీ 30 శాతము దరిదాపునకు లేచెను. ఇట్టి వడ్డీని భరింపగల కార్ఖానా యేది? విదేశ ఋణమెన్నడు నెరుగని చిన్న కార్ఖానాలు సయితము పెట్టుబడి దొరకక మూతపడెను. 1998లో ఆ దేశపు ఉత్పత్తి సుమారు 5 శాతము క్షీణించెను. పని లేనివారి సంఖ్య రెండుమూడింతలాయెను. ప్రజలప్పటికే కొనుట మానుకొన్నవేళ, ప్రభుత్వమును కూడ కొనుట మానుమని చెప్పుట, జ్వరముచే కృశించినవానికి లంకణములు విధించుటవంటిది.

ఇండొనీషియాలో జరిగినది మరింత దారుణము. ఒడంబడిక జరిగిన మరునాడే, 1997 నవంబరు 1వ తేదీన, 16 బ్యాంకులను ఒక్క పెట్టున మూసివేసిరి. అందు చెడ్డ బ్యాంకులుండెననుట నిజమే. కాని చిన్న డిపాజిట్లకు మాత్రమే పూచీ చూపి, తక్కిన వానిని గూర్చి మాట చెప్పకపోవుటచే, "రేపు మన బ్యాంకు" అని జనులు మంచి బ్యాంకులనుండియు సొమ్ము తీసికొనసాగిరి. డిపాజిట్లకెల్ల పూచీ యిచ్చునప్పటికి 1998 జనవరి చివర వచ్చెను. ఈలోపల, సంక్షోభమునకు ముందు డాలరునకు 2,400 దరిని యున్న రుపియా 10,000 దాటిపోయెను. ఆ యేట ఉత్పత్తి సుమారు 13 శాతము పడిపోయెను. ప్రభుత్వపు లెక్కల ప్రకారమే, 1996లో నూటికి 18 మందిలోపుగ నున్న నిరుపేదలు 1998 చివరకు 24 మందియైరి. 1998 మే మొదటివారమున, ఒడంబడిక ననుసరించి చమురు ధర పెంచిరి. పది దినములలో జకార్తా తగులబడెను. వేయిమందికి పైగా మరణించిరి. చైనా సంతతి వర్తకుల యిండ్లు, దుకాణములు దోపిడికి గురియైనవి. మే 21వ తేదీన సుహార్తో పదవి వదలెను. ఆ నియంత పోయినందుకు మాకు విచారము లేదు. కాని యింతమంది ప్రాణములతో ఆ కార్యము నెరవేర్చుట ద్రవ్యనిధి యొప్పందమున వ్రాసికొన్న షరతు కాదు గదా!

అదే సంవత్సరము జనవరి 15వ తేదీన తీసిన ఛాయాచిత్రమొకటి లోకప్రసిద్ధము. సుహార్తో వంగి ఒప్పందముపై సంతకము చేయుచుండగా, ద్రవ్యనిధి యధిపతి మిషెల్ కామ్‌దెస్సు చేతులు కట్టుకొని పైనుండి చూచుచు నిలుచుండెను. చేతులు కట్టుకొనుట యాయనకు సహజమైన యలవాటై యుండవచ్చును. అందులకు మేమాయనను నిందింపము. కాని ఆ చిత్రమును చూచిన ఆసియావాసులకు వలసపాలన జ్ఞప్తికి వచ్చుటయు సహజమే. కొరియాలోనైతే, ఎన్నిక జరుగకముందే, అధ్యక్షపదవికి నిలిచిన అభ్యర్థులచేత ఒడంబడికను పాటింతుమని వ్రాయించుకొనిరి. ప్రజలెవరిని ఎన్నుకొన్నను మార్గమొక్కటే యని ముందుగనే నిశ్చయించిన పిమ్మట, ఓటునకు మిగిలిన విలువయేమి?

ఆ దేశపు గృహస్థులు చేసిన పనిని మాత్రము మేము కన్నీటితో స్మరింతుము. 1998 జనవరిలో దేశఋణము తీర్చుటకై బంగారము సమకూర్చు నుద్యమము బయలుదేరెను. సుమారు 35 లక్షలమంది 227 టన్నుల బంగారమును తెచ్చి యిచ్చిరి. దానికి వెల స్వదేశపు నాణెములో పుచ్చుకొనుటకంగీకరించి, డాలరులను దేశమునకు విడిచిరి. పెండ్లి యుంగరములు, బిడ్డల తొలి పుట్టినరోజున పెట్టిన యుంగరములు అందు కలవు. ఇది త్యాగము. కాని యొక్క క్షణమాగి యాలోచింపుడు: ఆ యుంగరమును విప్పి యిచ్చిన యిల్లాలు ఏ బ్యాంకునొద్ద డాలరు ఋణము తెచ్చినది? ఆమె తీర్చినది ఎవరి బాకీ?

ఇక ప్రతిపక్షుల వాదములను విచారింతము. ఆ దేశములే దుష్టమైన పద్ధతులతో చెడినవి. బంధుప్రీతి, లంచము, లెక్కలేని ఋణములు వానిని ముంచెను. సుహార్తో సంతానము దేశమును దోచెను. కొరియాలోని మహావర్తక కుటుంబములు అప్పులపై అప్పులు చేసినవి. దీనికి ద్రవ్యనిధి యేమి చేయును? ఇది మొదటి వాదము. ఈ దోషములన్నియు నిజములే. వానిని మేము కప్పిపుచ్చము. కాని 1993లో నవి యద్భుతములని గ్రంథములు వ్రాసినప్పుడును ఈ దోషములుండెను. సుహార్తో సంతానము రాత్రికి రాత్రి పుట్టినది కాదు. ఆ దోషముల నెరిగియే బ్యాంకులు అప్పులిచ్చినవి; బహుశః ప్రభువుల ప్రాపు గలవాడు ఋణమెగవేయడను ధైర్యముతో నిచ్చియుండును. పుచ్చుకొనినవాని దురాశను దోషమని చెప్పి, ఇచ్చినవాని దురాశను వ్యాపారమని చెప్పుట యే తర్కము?

రెండవ వాదము: ద్రవ్యనిధి రాకున్న గతి యింకను చెడియుండును, ఆ దేశములు త్వరలోనే కోలుకొనినవి గదా! కొరియా 1999లో ఆశ్చర్యకరముగా పుంజుకొని, 2001 ఆగస్టునాటికి ద్రవ్యనిధి బాకీని గడువునకు ముందే తీర్చెను. నిజమే. ఆపదలో చేతికి డాలరు దొరకుట ఉపకారమే. కాని కోలుకొనుట యెప్పుడు మొదలాయెను? 1998లో వ్యయసంకోచమును సడలించి, వడ్డీలను దించిన పిమ్మట. రోగి బ్రతికినది మందు మార్చిన తరువాత. మలేషియా సంగతి చూడుడు. ఆ దేశము ద్రవ్యనిధి సొమ్ము పుచ్చుకొనలేదు. 1998 సెప్టెంబరు 1వ తేదీన ప్రధాని మహాతీర్ విదేశధనము విచ్చలవిడిగా పోవుటకడ్డుకట్ట వేసి, రింగిట్ విలువను డాలరునకు 3.80గా నిలిపెను. ఇక నా దేశము సర్వనాశనమని పండితులు జోస్యము చెప్పిరి. 1999లో అదియు తక్కిన దేశములవలెనే కోలుకొనినది. అడ్డుకట్టయే దానిని బ్రతికించెనని మేము చెప్పము. తుపాను కొంత తగ్గిన తరువాతనే యా కట్ట వేయబడెను. సర్వనాశనము కాలేదని మాత్రము చెప్పుదుము. మార్గమొక్కటేయని చెప్పినవారి మాట కల్ల యని తేలుటకు ఇది చాలును.

మా మాట పక్షపాతమని తోచినచో ద్రవ్యనిధివారి మాటనే వినుడు. ఆ సంస్థకు చెందిన స్వతంత్ర పరిశీలనశాఖ 2003లో ఇండొనీషియా, కొరియా, బ్రెజిలు దేశముల సంక్షోభములను పరిశీలించి, తమ వైద్యమున జరిగిన లోపములను ఒప్పుకొనెను. ప్రపంచబ్యాంకులో ప్రధానార్థశాస్త్రజ్ఞుడుగ నుండిన జోసెఫ్ స్టిగ్లిట్జ్ పదవిలో నుండగనే యీ విధానమును బహిరంగముగ ఖండించెను. ఒప్పుకొనుట మంచిదే. కాని తప్పు చేసిన వైద్యుడు తప్పొప్పుకొని యింటికి పోవును. తప్పు మందు మ్రింగినవాని శరీరమునుండి యా మందు పోదు.

ఒప్పుకొనిన తప్పు మరల జరుగకున్న మేమీ వ్యాసము వ్రాయకుందుము. 2001లో ద్రవ్యనిధి యుపాధిపతియైన ఆన్ క్రూగర్ ఒక సూచన చేసెను: దివాలా తీసిన వర్తకునకు న్యాయస్థానమున్నట్లు, ఋణము తీర్పలేని రాజ్యమునకును ఒక క్రమమైన విధానముండవలెను, అప్పిచ్చినవారందరును నష్టమును పంచుకొనవలెను. అమెరికా యొల్లకపోవుటచే 2003లో అది మూలపడెను. 2010లో గ్రీసు దేశము చిక్కులలో పడగా, 11,000 కోట్ల యూరోల సాయము ప్రకటించిరి. ప్రైవేటు ఋణదాతల నష్టము 2012 వరకు వాయిదా పడెను. ఆ రెండేండ్లలో నెందరో ఋణదాతలు తమ సొమ్ము తాము పుచ్చుకొని తప్పుకొనిరి. వారి స్థానమున ప్రజల సొమ్ము నిలిచెను. ఈ మాట మాది కాదు. ఆ యాలస్యము వలన ప్రైవేటు ఋణదాతలు తప్పించుకొనిరని ద్రవ్యనిధియే 2013లో వ్రాసికొనెను. బ్యాంకాకు పాఠము ఏథెన్సునాటికి మరపునకు వచ్చెను.

పొరుగుననున్న సింహళమున మాత్రము కొంత మార్పు కానవచ్చినది. 2022 ఏప్రిల్‌లో ఆ దేశము విదేశ ఋణముల చెల్లింపును నిలిపివేసెను. ఋణములను సవరింతుమని ఋణదాతలైన రాజ్యములు, మన దేశముతో సహా, మాట యిచ్చిన తరువాతనే 2023 మార్చిలో ద్రవ్యనిధి సుమారు 300 కోట్ల డాలరుల ఋణమునకు సమ్మతించెను. 2024 డిసెంబరు నాటికి ప్రైవేటు బాండ్లవారును కొంత నష్టమునకొప్పుకొనిరి. అప్పిచ్చినవాడు నష్టపడిన లోకము తలక్రిందులగునని యిన్నాళ్లు చెప్పిన భయము వట్టిదని తేలెను. అయినను అచటి యిల్లాలిపై భారము తప్పలేదు. కొనుగోలు పన్ను రెండేండ్లలోపుగ 8 శాతమునుండి 18 శాతమునకు పెరిగెను. రెండవ పాదమును చదువుట యిప్పుడిప్పుడే మొదలైనది. నేర్చుకొనుటకింకను చాల దూరము కలదు.

ఇదంతయు పరదేశముల గొడవ, మనకేల యని చదువరులు కొందరు తలపవచ్చును. మన బంగారము కూడ దేశము దాటిన దినములు కలవు. 1991లో మన విదేశద్రవ్య నిల్వలు కొలది వారముల దిగుమతులకు మాత్రమే చాలునట్లయినవి. ఆ జూలైలో రిజర్వుబ్యాంకు సుమారు 47 టన్నుల బంగారమును ఇంగ్లండు, జపాను దేశముల కేంద్రబ్యాంకులయొద్ద తాకట్టు పెట్టి సుమారు 40 కోట్ల డాలరులు తెచ్చినది. అప్పటి ప్రధాని మన తెలుగువారైన పి. వి. నరసింహారావుగారు. అప్పుడు మేము పసివారము. పెద్దలు పత్రిక ముందు పెట్టుకొని, ఇంటి బంగారము పోయినట్లు మౌనముగ కూర్చుండుట మాత్రము జ్ఞప్తి కలదు. ఆరేండ్లు గడచిన తరువాత, 1997లో, విదేశధనము రాకపోకలపై కట్టుబాట్లను మూడేండ్లలో తొలగింపవచ్చునని తారాపూర్ సంఘము సలహా యిచ్చెను. అంతలో తూర్పున తుపాను లేచెను. సలహా పెట్టెలో నుండిపోయెను. ఆ కట్టుబాట్లును, స్వల్పకాలిక విదేశఋణము తక్కువగ నుండుటయు నా తుపానునుండి మనలను కొంతవరకు కాచినవి. ఒక సంవత్సరము ముందుగ తొందరపడియుండిన మన గతి యేమగునో!

ఆ తొందరకు ద్రవ్యనిధి ప్రోత్సాహము కలదని కూడ చెప్పవలెను. 1997 సెప్టెంబరున, బాత్ కూలిన రెండు నెలలకే, హాంగ్‌కాంగులో జరిగిన సమావేశమున, విదేశధన ప్రవాహమునకు తలుపులు తెరపించుటను తన నిబంధనావళిలో నొక యుద్దేశముగ చేర్చుకొనవలెనని యా సంస్థ తలపెట్టెను. అదే కాలమున, ఆసియా దేశములు తమలో తాము సాయపడుటకు ప్రత్యేకనిధి యుండవలెనని జపాను చేసిన సూచన అమెరికాయు, ద్రవ్యనిధియు నెదిరించుటచే నణగిపోయెను. ముఖ్యమైన నిర్ణయములకు నూటికి 85 వంతుల ఓట్లు కావలసిన యా సంస్థలో అమెరికా యొక్కదానికే 16 వంతులకు పైగా కలవు. అనగా ఆ రాజ్యము వలదన్నది జరుగదు. 140 కోట్ల జనులు గల మన దేశపు ఓటు మూడువంతులకైనను చాలదు. అధిపతి పదవి నేటివరకు ఐరోపావారిని దాటి పోలేదు. అప్పిచ్చువారి సభలో అప్పు పుచ్చుకొనువారికి మూలనొక పీట వేసి, దానికి సహకారమని పేరు పెట్టిరి.

మేము కోరునది పెద్ద విప్లవము కాదు. ఒక రాజ్యమునకు ప్రజాధనముతో సాయము చేయుటకు ముందు, ఆ రాజ్యమున లాభమునకై అప్పిచ్చిన ప్రైవేటు సంస్థలు చెల్లింపులను కొంతకాలమాపుటకును, నష్టములో తమ పాలు వహించుటకును లోబడవలెను. ఒడంబడిక షరతులు సంతకమునకు ముందే ఆ దేశపు భాషలో, ఆ దేశపు శాసనసభ ముందుంచబడవలెను. మూడునెలల సొమ్మునకు వాకిట తలుపు పెట్టుకొను హక్కు ప్రతి రాజ్యమునకు నుండవలెను. ద్రవ్యనిధియే 2012లో, కొన్ని సందర్భములలో నట్టి కట్టుబాట్లు తగునని యొప్పుకొనినది గనుక, దీనిని దోషమని ఇక చెప్పవీలులేదు. ఈ మూడును జరిగిన మాత్రమున సంక్షోభములు మాసిపోవు. కాని అప్పిచ్చువాడు ఇచ్చుటకు ముందొకసారి యాలోచించును. నేడతడాలోచింపడు, ఆలోచింపనక్కరలేదు. 1995లో మెక్సికో బాండ్లు కొనినవారు నష్టములేక బయటపడుటను చూచినవాడు బ్యాంకాకులో నేల భయపడును?

చదువుకొన్న గృహస్థులకొక్క మనవి. దేశముల ఋణముల వార్తను పత్రికలో చూచినపుడు, ఎంత సొమ్ము వచ్చెనని మాత్రమే చదివి పుట త్రిప్పకుడు. అది యెవరి చేతులలోనికి పోవుచున్నది, ఏ పన్నుతో తీర్పబడును అని మీ యింటనే, మీ పిల్లల యెదుటనే ప్రశ్నించుడు. సంసారపు పద్దు వ్రాయు నిల్లాలికి ఈ లెక్క తెలియనిది కాదు. పెద్ద మాటలతో కప్పిపుచ్చుటచే తెలియనట్లు కనబడుచున్నది.

అమ్మాయీ, నీ ప్రశ్నకు మా సమాధానమిది. కూలివాని పని పోయినది అతడు అప్పు చేసినందున కాదు. అప్పిచ్చినవాడు నష్టపడరాదని పెద్దలు నిశ్చయించినందున. ఆ నిశ్చయము దైవికము కాదు; మనుష్యులు వ్రాసినది. మనుష్యులు వ్రాసినదానిని మనుష్యులు తిరుగవ్రాయవచ్చును.